నమీబియాలో మా బక్కీ కాపురం

విండ్‌హుక్‌లో విమానం దిగాక ఊళ్లోకి 45 కిలోమీటర్లు వెళ్లాలి. ఆ దారిలో మాకు కనబడ్డ మొదటి నమీబియా ప్రాణి వార్ట్‌హాగ్. మూతికి రెండు పక్కలా కోరలున్న అడవిపంది అది. ముందుకాళ్లు మడిచి, మోకాళ్ల మీద వంగి, తారురోడ్డు అంచున గడ్డి మేస్తోంది. దాని పక్కనుంచే బండ్లు దూసుకుపోతున్నా తలెత్తలేదు. దాని తర్వాత చాలాసేపు ఏమీ లేదు. ఇళ్లు లేవు, టీ బంకులు లేవు, ఫ్లెక్సీలు లేవు. ముళ్లచెట్లూ, ఎండు గడ్డీ, దూరంగా కొండలూ.

"ఇంతకీ ఊరనేది ఉందంటావా అన్నా?" అన్నాడు మా తమ్ముడు.

మన ఉమ్మడి నెల్లూరు జిల్లాలో ఎంతమంది ఉంటారో ఈ దేశం మొత్తం మీద అంతమందే, సుమారు 30 లక్షలు. నేల చూడబోతే రెండు తెలుగు రాష్ట్రాలూ కలిపినదానికి మూడింతలు. ఈ లెక్క ఒక్కటి మనసులో పెట్టుకుంటే ఇక్కడి బండ్లు ఎందుకు అలా ఉంటాయో దానంతటదే అర్థమవుతుంది.

మేం వెళ్లిందే బండ్ల కోసం. మా తమ్ముడికి గూడూరు దగ్గర రొయ్యల గుంటలున్నాయి, ఒక పికప్పూ ఉంది. తడ పక్కన శ్రీసిటీలో ఇసుజు వాళ్లు 2016 నుంచి తయారుచేస్తున్నారే, ఆ వి-క్రాస్. వారమంతా మేత బస్తాలు మోస్తుంది, ఆదివారం మమ్మల్ని పెంచలకోన తీసుకెళ్తుంది. దాన్నే వంటిల్లూ పడకగదీ ఉన్న బండిగా అమర్చుకుని లడఖ్ దాకా పోవాలని వాడికి ఎన్నాళ్లుగానో కోరిక. డబ్బు పెట్టేముందు అలా అమర్చిన బండిని కొన్నాళ్లు నడిపి, అందులో పడుకుని చూడాలని నేను పట్టుబట్టాను. అన్నీ అమర్చిన బండి అద్దెకు దొరికే దేశాల్లో నమీబియా పేరు ముందు వినిపిస్తుంది. పైగా అక్కడా మనలాగే ఎడమవైపు నడుపుతారు. మన ఆర్టీఏ ఆఫీసులో ఇచ్చే ఇంటర్నేషనల్ పర్మిట్ తీసుకుని బయల్దేరాం.

అద్దె బండ్ల ఆవరణలో అడుగుపెట్టగానే మావాడి నడకే మారిపోయింది. వరసగా తెల్లటి హైలక్స్‌లు, ఒక్కోదాని నెత్తిన మడిచిపెట్టిన గుడారం. పికప్‌ని ఇక్కడ అందరూ బక్కీ అంటారు. సాయంత్రానికి మేం కూడా బక్కీ అనడం మొదలుపెట్టాం.

బండి అప్పగించిన అమ్మాయిది ఉత్తరాన ఒవాంబోలు ఉండే ప్రాంతం. ఒక్కో వస్తువూ చూపించింది, మాచేత వాడించింది. మేం సొంతంగా చేసి చూపిస్తే గాని కాగితం మీద టిక్కు పెట్టలేదు. వెనక తొట్టి మీద ఇనప కానోపీ ఉంది. దాని పక్క తలుపులు పైకి లేస్తాయి. ఎడమవైపు తలుపెత్తితే వంటిల్లు: గ్యాసు బండ, దాని నెత్తినే బిగించుకునే బర్నరు, సొరుగులా బయటికి వచ్చే బల్ల. కుడివైపు నల్లటి ప్లాస్టిక్ పెట్టెల్లో గిన్నెలు, కంచాలు. వెనక తలుపు దించితే 40 లీటర్ల ఫ్రిజ్ పట్టాల మీద మన దగ్గరికి జారి వస్తుంది. దానికి విడిగా ఒక బ్యాటరీ. ఇంజన్ నడిచేటప్పుడు రెండు బ్యాటరీలూ చార్జి అవుతాయి, ఇంజన్ ఆగగానే విడిపోతాయి. రాత్రంతా ఫ్రిజ్ నడిచి రెండో బ్యాటరీ ఖాళీ అయినా పొద్దున బండి స్టార్టవుతుంది. మావాడు ఆ వైర్లు ఎక్కణ్ణుంచి ఎక్కడికి పోతున్నాయో చూడ్డానికి బానెట్‌లో తల దూర్చి చాలాసేపు బయటికి రాలేదు.

స్టెపిన్నీలు రెండు. గాలి కొట్టే చిన్న కంప్రెసర్, గాలి చూసే గేజి, పార, అదనపు డీజిల్‌కి జెర్రీ క్యాన్లు. జాకీ పక్కన మందపాటి చెక్కపలక ఒకటి ఉంది. అదెందుకని అడిగాను. "ఇసుకలో జాకీ ఎత్తితే బండి లేవదు, జాకీ దిగబడుతుంది" అంది ఆ అమ్మాయి. అంత చిన్న ముక్కకి కూడా ఒక కారణం ఉండటం నాకు ఎంతో నచ్చింది. దారిలో దొరకనిది ఏదైతే ఉందో దానికి బదులుగా ఒక వస్తువు బండిలో ఉంటుంది. పంక్చర్ షాపు దొరకదు కాబట్టి రెండో స్టెపిన్నీ. బోరింగు దొరకదు కాబట్టి 50 లీటర్ల నీళ్ల ట్యాంకు. లాడ్జి దొరకదు కాబట్టి నెత్తిన పడక.

ఆ పడక గురించి కొంచెం చెప్పాలి. చుట్టూ ఉన్న జిప్పు లాగి కవరు తీస్తే రెండుగా మడిచిన అల్యూమినియం పలక కనిపిస్తుంది. దానికి బిగించి ఉన్న నిచ్చెనను పొడవుగా లాగి, రెండు చేతులతో పట్టుకుని కిందికి వేలాడితే, పై సగం మెల్లగా లేచి, బండి పక్కకు ఒరిగి, గుడారం ఒక్కసారి విచ్చుకుంటుంది. గాలిలోకి చొచ్చుకొచ్చిన ఆ సగానికి నిచ్చెనే స్తంభం. పరుపు లోపలే పరిచి ఉంటుంది. నేలమీద పాకే వాటికీ, రాత్రిళ్లు తిరిగే జంతువులకూ మనం అందం. మావాడు విప్పాడు, మడిచాడు, మళ్లీ విప్పాడు. ఆ అమ్మాయి నవ్వుతూ నిలబడింది.

ఇదంతా ఎంత బరువో అని నాకు అనుమానం వచ్చింది. ఇలాంటి పికప్ సుమారు ఒక టన్ను మోస్తుంది. టన్ను అంటే బోలెడనిపిస్తుంది గాని అందులో మనుషులూ లెక్కే. గుడారం 60 కిలోలు, నీళ్లు 50, కానోపీ, ఫ్రిజ్, బ్యాటరీ, పెట్టెలు... కూడుకుంటూ పోతే టన్ను చూస్తుండగానే నిండుతుంది. అందుకే వెనక కమాన్ కట్టల్లో ఒక పట్టీ ఎక్కువ వేశారు. నీళ్ల ట్యాంకుని తొట్టి అడుగున, వెనక యాక్సిల్‌కి ముందు పెట్టారు. బరువైనవి కిందా మధ్యలో, తేలికైనవి పైన. ఇక్కడి గులకరాళ్ల రోడ్ల మీద బండికి పెద్ద ప్రమాదం పల్టీ కొట్టడమే. పైన బరువు పెరిగిన కొద్దీ ఆ ప్రమాదం పెరుగుతుంది. మాకు 80 దాటొద్దని చెప్పారు. దాటితే డాష్‌బోర్డు కింద ఉన్న డబ్బా కీచుమంటుంది. చీకటి పడ్డాక నడపకూడదని ఒప్పందంలోనే రాశారు, అడ్డంగా దూకే కుడూ జింకల భయంతో.

ఊరు విడిచే ముందు ఆ అమ్మాయి చెప్పిందని విండ్‌హుక్‌లోనే ఉన్న కటుటూరా పేటలో తినడానికి వెళ్లాం. అక్కడి సంతలో కాపానా ప్రసిద్ధి. పొయ్యి వరసల మీద గొడ్డుమాంసం కాలుస్తూ, కోసినవి కోసినట్టే వేడివేడి ముక్కలు అమ్ముతారు. నిలబడే, కారం కలిపిన ఉప్పులో అద్దుకుని తింటారు. మేం గొడ్డుమాంసం తినం కాబట్టి పక్క కొట్లో మహంగు సంగటి పెట్టించుకున్నాం. మహంగు అంటే మన సజ్జలే! ఒవాంబోల ఇళ్లలో అదే ప్రధాన ఆహారం. పక్కన ఒంబిడి అనే అడవి ఆకుకూర. నేను వేళ్లతో సంగటి ముద్ద చేసి, గుంట పెట్టి, కూర తీసుకుని నోట్లో వేసుకున్నాను. వడ్డించిన ఆవిడ ఆశ్చర్యంగా చూసి పక్కావిడని పిలిచి చూపించింది. చెంచా అడగని విదేశీయులని చూడటం వాళ్లకి సంబరంగా ఉంది. మా అమ్మమ్మ చేసిన సజ్జ సంగటి తిన్న నాకు ఆఫ్రికా సంతలో అదే రుచి తగలడం అంతకంటే సంబరం. మహంగు పిండి ఒక పొట్లం కొని ఫ్రిజ్ పక్కన పెట్టుకున్నాం. ఆ దారంతా మా రాత్రి భోజనం ఎక్కువగా అదే, మేం తెచ్చుకున్న కందిపొడితో.

నమీబియాలో బి రోడ్లు తారువి. సి రోడ్లు చాలావరకు గులకరాళ్లవి. డి అంటే ఇంకా చిన్నవి. రెహొబోత్ దాకా బి1 మీద హాయిగా పోయాం. అక్కణ్ణుంచి పడమరకు తిరిగాక ఫోన్ సిగ్నల్ పోయింది. మ్యాపు చూపించిన దగ్గరి దారి పోనుపోను రెండు చక్రాల గాడిగా మారింది. ఒక కంచె గేటు, కొంతదూరం పోయాక మరోటి, ఆ తర్వాత ఇంకోటి. గేటు ఎలా ఉంటే అలాగే వదలాలి, మూసి ఉంటే మూయాలి, తెరిచి ఉంటే తెరిచే ఉంచాలి. ఇది ఇక్కడ గట్టి మర్యాద. నాలుగో గేటు దగ్గర గాడిద బండి తోలుకుంటూ ఒకాయన ఎదురొచ్చాడు. మాకు ఆయన భాష రాదు, ఆయనకు మాది రాదు. ఆయన మా బండి చుట్టూ ఒకసారి తిరిగి, చక్రాలు చూసి, తల ఊపి, పుల్లతో నేల మీద దారి గీశాడు. ఆ గీతలో ఎండిన వాగు ఉంది, రెండు కొండలు ఉన్నాయి, మలుపు దగ్గర గాలిమర కూడా ఉంది. మావాడు దాన్ని ఫోన్‌లో ఫొటో తీసుకున్నాడు. ఆ ఫొటో చూసుకుంటూనే పెద్ద దారికి చేరాం.

స్ప్రీట్స్‌హూక్తె కనుమ దేశంలో అన్నిటికంటే నిటారైనదని చెబుతారు. 4 కిలోమీటర్లలో దాదాపు 1000 మీటర్లు దిగుతుంది. వెనక ట్రైలరు కట్టుకుని రాకూడదు. మన తిరుమల ఘాట్‌లో మలుపుకో గోడ, గోడకో బోర్డు, ముందూ వెనకా బస్సులు. ఇక్కడ మేం తప్ప ఎవరూ లేరు. రెండో గేర్‌లో వేసి, బ్రేకు మీద భారం పెట్టకుండా ఇంజన్‌తోనే ఆపుకుంటూ దిగాం. కింద లేత గులాబీ రంగు మైదానం, అది ఎక్కడ ఆగి ఆకాశం ఎక్కడ మొదలైందో తెలియనంత దూరం.

సాలిటేర్ అనే చోట ఒక పెట్రోలు బంకు, చుట్టూ తుప్పుపట్టిన పాతకాలపు కార్లు, ఒక బేకరీ. అక్కడి యాపిల్ పై తినకుండా ఎవరూ ముందుకు పోరు. మేమూ తిన్నాం, వేడిగా, దాల్చినచెక్క వాసనతో. అసలు ముచ్చట కానోపీ తెరిచినప్పుడు ఉంది. కంచాలు, పెట్టెలు, సంగటి పిండి పొట్లం, అన్నిటి మీదా పౌడరు అద్దినట్టు దుమ్ము. తలుపులకు రబ్బరు బీడింగు ఉంది, అయినా ఎలా దూరిందో తెలియలేదు.

జవాబు ఆ సాయంత్రం దిగిన సెస్రియెమ్ క్యాంపులో దొరికింది. మా పక్కన దిగినవాళ్లు దక్షిణాఫ్రికా నుంచి వచ్చిన ముసలి దంపతులు. వాళ్ల బక్కీ ముప్ఫై ఏళ్లనాటిది. నెత్తిన గుడారం లేదు. కానోపీ లోపలే చెక్క మంచం, మంచం కింద నీళ్ల డబ్బాలు, తలవైపు రెండు పెట్టెలు, అంతే. పెద్దాయన మా కానోపీ పైన ఉన్న చిన్న మూత చూపించాడు. మేం దాన్ని పట్టించుకోనే లేదు. బండి పోతుంటే దాని వెనక గాలి సుళ్లు తిరిగి, దుమ్మును లోపలికి పీలుస్తుందట. ఆ మూతను ముందువైపుకి తెరిస్తే పైనుంచి శుభ్రమైన గాలి లోపలికి తోసుకొచ్చి, సందుల్లోంచి బయటికే వీస్తుంది, దుమ్ము దూరదు. మర్నాడు తెరిచి నడిపాం. కంచాలు కడిగినవి కడిగినట్టే ఉన్నాయి! మా ఊరి రోడ్డు మీద రొయ్యల మేతలో దుమ్ము పడకుండా ఇదే చేయొచ్చని మావాడికి అప్పుడే ఆలోచన వచ్చింది.

క్యాంపులో ఆ రాత్రి పెద్దావిడ మంట మీద మూడుకాళ్ల ఇనప కుండ పెట్టి కూర వండింది. మేం అన్నం వండాం. ఏయే సామాను కొనాలో మావాడు ఆవిడని గుచ్చిగుచ్చి అడిగాడు. "మేం ప్రతి ప్రయాణం తర్వాత వాడనిది ఒకటి బండిలోంచి తీసేస్తాం" అందావిడ. వాడి ఫోన్‌లో కొనాల్సినవాటి జాబితా ఉంది. ఆవిడ చెప్పింది విన్నాక దాన్ని పైనుంచి కిందిదాకా చదివి మూడు వస్తువులు కొట్టేశాడు. నాకైతే ఆ దంపతుల బండే అన్నిటికంటే గొప్ప బండి అనిపించింది. ఎందుకుందో చెప్పలేని వస్తువు అందులో ఒక్కటీ లేదు.

సొసుస్‌ఫ్లై ఇసుక దిబ్బలకు సెస్రియెమ్ గేటు నుంచి 60 కిలోమీటర్లు తారు, చివరి 5 కిలోమీటర్లు ఉత్త ఇసుక. తారు ఆగినచోట అందరూ బండి దిగి వంగుతారు. టైరు వాల్వు మూత తిప్పి, పుల్లతో పిన్ను నొక్కగానే సుయ్యిమని గాలి పోతుంది. కాస్త వదలడం, గేజి పెట్టి చూడటం, మళ్లీ వదలడం. మన ఊళ్లో 32 నుంచి 35 దాకా పెట్టించుకునే టైరులో ఇక్కడ 17 దాకా దించాం. టైరు పక్కలు ఉబ్బాయి, అడుగు పొడవుగా పరుచుకుంది. బరువు ఎక్కువ జాగా మీద పడుతుంది కాబట్టి ఇసుకని కోయకుండా పైపైన తేలుతుంది. మావాడు ఫోర్ వీల్‌లో వేసి, ఒకే వేగంతో, బ్రేకు తొక్కకుండా, స్టీరింగు విదిలించకుండా పోనిచ్చాడు. బండి పడవలా ఊగుతూ పోయింది. వాడి మొహంలో అంత ఆనందం వాడి పెళ్లిలో కూడా చూడలేదు.

మధ్యలో ఒక బండి యాక్సిల్ దాకా కూరుకుపోయి ఉంది. అందులోని కుటుంబం తాడు పట్టుకుని నిలబడింది. తాడు వెనక ట్రైలరు కట్టే గుండుకి తగిలించబోతుంటే మావాడు పరిగెత్తి ఆపాడు. లాగే ఊపుకి ఆ గుండు విరిగితే తుపాకీ గుండులాగే ఎగిరొచ్చి ప్రాణం తీస్తుంది. అందుకే లాగడానికి ఛాసిస్‌కి బిగించిన కొక్కెం విడిగా ఉంటుంది. చివరికి తాడుతో పనే పడలేదు. నాలుగు టైర్లలో గాలి తీశాం, చక్రాల ముందు పారతో ఇసుక లాగేశాం, బండి మెల్లగా తనంతట తానే బయటికొచ్చింది. బండిలో ఉన్న సామానంతటిలో గాలి గేజి ధర తక్కువ, మమ్మల్ని ఎక్కువ ఆదుకున్నదీ అదే.

డెడ్‌ఫ్లైకి నడిచే వెళ్లాలి. తెల్లటి ఎండు మడుగులో నల్లబడ్డ చెట్లు, వెనక నారింజరంగు దిబ్బలు. ఆ చెట్లు చచ్చి వందల ఏళ్లయింది. కుళ్లడానికి కావలసిన తడి కూడా ఇక్కడ లేదు కాబట్టి అలాగే నిలబడి ఉన్నాయి. మన దగ్గర ఒక్క వానాకాలంలో చెదలు మొద్దు మొత్తం తినేస్తాయి కదా అనుకుంటూ చాలాసేపు చూస్తూ ఉండిపోయాం.

అక్కణ్ణుంచి మళ్లీ సాలిటేర్‌కి వచ్చి, వాల్విస్ బే దాకా సి14 పట్టుకున్నాం. సాలిటేర్ దాటాక 230 కిలోమీటర్లు ఒక్క బంకూ లేదు. బంకు కనబడితే సగం ట్యాంకున్నా నింపుకోవాలని ఇక్కడ అందరూ చెబుతారు. రోడ్డు అలలు అలలుగా తేలి, బోల్టులన్నీ వణికేలా ఉంటుంది. దారిలో గ్రేడరు నడిపే ఆయన కనిపించి ఆగాం. రోడ్డు చదును చేస్తూ వారాల తరబడి ఎడారిలోనే ఉంటాడు. ఇల్లు కూడా వెంటే, చక్రాల మీద ఒక గది, దాని ముందు కుర్చీ. మా ఇల్లు ఆయన చూశాడు, ఆయన ఇల్లు మేం చూశాం. రోజూ సాయంత్రం బండి బోల్టులన్నీ చేత్తో తడిమి చూస్తాడట. అప్పటినుంచి మావాడూ అదే అలవాటు చేసుకున్నాడు. గుడారం బిగించిన నట్టు ఒకటి రెండో సాయంత్రమే వదులై కనిపించింది.

వాల్విస్ బేలో సముద్రం కనబడగానే చల్లగాలి కొట్టింది. మడుగు నిండా ఫ్లెమింగోలు, ఆ పక్కనే ఉప్పు మడులు. పులికాట్ గట్టున సూళ్లూరుపేట దగ్గర చిన్నప్పటినుంచి చూసినవే, ఇక్కడ ఎడారి అంచున! దిబ్బకీ నీటికీ మధ్య ఒక్క పచ్చటి చెట్టు లేదు. ఈ తీరంలో ఏడాదంతా కలిపి 20 మిల్లీమీటర్ల వాన కూడా పడదు. స్వాకోప్‌ముండ్‌లో పొద్దున పొగమంచుకి గుడారం తడిసి ముద్దయింది, వాన మాత్రం చుక్క లేదు. ఆ ఊరి ఉత్తరాన కొన్ని రోడ్లు ఉప్పునీళ్లు పోసి గట్టిపరిచినవి. నల్లగా, నున్నగా, తారేమో అనిపిస్తాయి. మంచు పడితే జారతాయి కూడా.

తిరిగి విండ్‌హుక్‌లో బండి అప్పగించేటప్పటికి మావాడి జాబితా ఒక్క పేజీకి వచ్చింది. మంచి టైర్లు, గేజి, కంప్రెసర్ ముందు. తర్వాత కింద పెట్టే నీళ్ల ట్యాంకు. ఆ తర్వాత రెండో బ్యాటరీ, ఫ్రిజ్. గుడారం ఆఖరున, అదీ వీలైతేనే. లోపలే చెక్క మంచం చాలనుకుంటున్నాడు. మన దగ్గర ఇంకో సంగతి ఉంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్‌లో ఉన్న బండి రూపాన్ని ఇష్టం వచ్చినట్టు మార్చకూడదు. కానోపీ బిగించాలంటే ముందు ఆర్టీఏని అడగాలి. కాబట్టి విప్పి పక్కన పెట్టగలిగే సొరుగులు, మంచంతో మొదలుపెడుతున్నాడు. మీ దగ్గరా పికప్ ఉంటే అక్కణ్ణుంచే మొదలుపెట్టండి.

మీరు నమీబియా వెళ్లేటట్టయితే మే నుంచి సెప్టెంబరు మధ్య వెళ్లండి. వానలుండవు, పగలు హాయిగా ఉంటుంది. జూన్, జూలై రాత్రుళ్లు మాత్రం ఎడారిలో గడ్డకట్టే చలి, స్వెట్టరు, మంకీ క్యాపు తప్పవు. బండి అప్పగించే రోజు తొందరపడకండి. ప్రతి తలుపూ తెరిపించండి, ప్రతి మూతా ఎందుకో అడగండి. అడాప్టర్ల కోసం వెతుక్కోకండి. అక్కడి గోడ సాకెట్లలో మన ఏసీకి, గీజరుకి వాడే లావుపాటి మూడు పిన్నుల ప్లగ్గు సరిగ్గా పడుతుంది. నెల్లూరులో ఆ ప్లగ్గున్న ఎక్స్‌టెన్షన్ బాక్సు ఒకటి కొనుక్కుని పోతే ఫోన్లూ కెమెరాలూ అన్నీ దానికే పెట్టుకోవచ్చు.